రెండు వైపులా కుట్టిన సంచి

కుట్టుగది నుంచి
సోమవారం

నా బుడంకాయకి,

నీ ఉత్తరం అందింది. అందిందని ఒక్క ముక్కలో రాసి ఊరుకోవడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు. పేజీ నిండా రాశావు తల్లీ, వెనకవైపు కూడా రాశావు. అల్లుడు పోయిన దగ్గర్నుంచి నీ దగ్గర్నుంచి వచ్చేవి "బాగున్నాను, మీరూ బాగున్నారనుకుంటాను" అనే రెండు ముక్కలే. వాటినే తిప్పి తిప్పి చదువుకునేవాణ్ణి. ఇవాళ లారీ షెడ్డులో నిలబడి చదివాను, దారిలో నడుస్తూ చదివాను, ఇంటికొచ్చి మీ అమ్మకి గట్టిగా చదివి వినిపించాను. "విన్నాను, మళ్ళీ విన్నాను, ఇక సంబరం చాలించి చెప్పులు విప్పండి" అంది. అని, తనే ఆ కాగితం లాక్కుని వంటింట్లోకి పోయి చదువుకుంది.

ఉత్తరం కంటె పెద్ద సంతోషం, నువ్వు నన్నొక పని అడిగావు. ఇన్నాళ్ళూ నీకేం చెయ్యాలో తెలియక చేతులు ముడుచుకుని కూచున్నాను. ఇప్పుడు చేతులకి పని దొరికింది.

నువ్వు చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను, తప్పుంటే దిద్దు. నేను చదివింది ఐదో తరగతి, ఈ కంప్యూటర్ల సంగతి నాకు కొత్త. కొండ వాలు మీద అల్లుడు పాతించిన కొయ్యలున్నాయి. ఒక్కో కొయ్యకి ఒక యంత్రం ఉంది. నేల ఎంత జారిందో అది రాసుకుంటుంది. ఆ లెక్కలు కొండ మీద నీ సర్వే స్టేషన్‌లో కంప్యూటర్లోకి వస్తాయి. వాటిని కలిపి చూసి, కొండ నిలుస్తుందా దిగుతుందా అని చెప్పగలిగిన కంప్యూటరు ఇక్కడ ఊళ్ళో సర్వే ఆఫీసులో ఉంది. మధ్యలో తీగ లేదు, కొండ మీద ఫోను పలకదు. అందుకని లెక్కలన్నీ డిస్కుల్లోకి ఎక్కించి వారానికోసారి సరుకుల లారీలో పంపుతున్నావు. ఆఫీసులో అటెండరు రిటైరయ్యాక ఇంకొకర్ని వెయ్యలేదు, డిస్కులు షెడ్డులోనే పడి ఉంటున్నాయి. వాటిని షెడ్డు నుంచి ఆఫీసుకీ, అక్కడ చదివేశాక మళ్ళీ షెడ్డుకీ నేను చేర్చాలి. ఎర్ర సంచిలో ఉంటే చదవనిది, తెల్ల సంచిలో ఉంటే చదివేసినది. ఆఫీసువాళ్ళు కాగితం ఇస్తేనే వాలు కింద పేటలోని జనం ఇళ్ళు వదిలి కదులుతారు. అంతేనా?

ఇవాళే మొదటి విడత చేర్చేశాను. అక్కడి ఇంజనీరు గది చూశావో లేదో, గోడల నిండా గీతల కాగితాలే. పేరు అడగడానికి మొహమాటపడి గీతల సారు అని నాకు నేనే పెట్టుకున్నాను.

"ఎవరు తాతా మీరు?" అన్నారు.

"కొండ మీద ఇంజనీరమ్మ ఉంది కదండీ, ఆవిడ నాన్నని."

"అయితే మా ఆఫీసు మనిషే. కూర్చోండి" అని కుర్చీ వేశారు.

ఆఫీసు మనిషే అన్నారమ్మా. చొక్కా బొత్తాం తెగినంత పనైంది. తెగితే కుట్టుకుంటాను, నా చేతిలో విద్యేగా.

నీ గది ఎలా ఉందో రాయమని మీ అమ్మ మరీ మరీ చెప్పింది.

నీ నాన్న


స్టేషన్ నుంచి
గురువారం

నాన్నా,

నువ్వు రాసినదాంట్లో దిద్దాల్సింది ఏమీ లేదు. ఒక్కటి మాత్రం కలుపుతాను. ఇక్కడి కంప్యూటరు పాతది, అందులో లెక్కలు ఎక్కువ కాలం నిలవవు, డిస్కులూ కొద్దిగానే ఉన్నాయి. అందుకని తెల్ల సంచిలో డిస్కు తిరిగి రాగానే చెరిపేసి, దాని మీద కొత్త లెక్కలు ఎక్కిస్తాను. చెరిపితే ఆ లెక్కలు లోకంలో ఇంకెక్కడా ఉండవు. ఆఫీసులో చదివారన్న నమ్మకంతోనే చెరుపుతాను. కాబట్టి సంచి రంగు విషయంలో పరాకు వద్దు.

పేటలో ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని, సరిగ్గా వాలు మీద పడిన పగులు కింద ఉన్నాయి. పగులు గురించి చెబితే ఎవరూ కోప్పడరు, నవ్వుతారు. కోళ్ళు పెంచే ముసలావిడ ఉంది, అందరూ కోళ్ళవ్వ అంటారు. "కొండ నీతో చెప్పిందా, నీ పెట్టె చెప్పిందా? మా తాతల నాటి నుంచీ ఉంది కొండ. పెట్టె మొన్న వచ్చింది" అంది. దానికి ఆఫీసు కాగితం ఒక్కటే జవాబు.

అమ్మకి చెప్పు. స్టేషన్ రాతి మీద కట్టింది, దానికేమీ కాదు.

డిస్కులు మోసినందుకు థాంక్స్.


కుట్టుగది నుంచి
మంగళవారం

బుడంకాయకి,

థాంక్స్ ఏమిటే నాకు? మీ అమ్మకి చదివి వినిపిస్తూ ఆ ముక్క మింగేశాను.

సరే, అసలు సంగతికి వస్తాను. చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నీ సంచులు చూశాక నాకు నిద్ర పట్టలేదు. ఎర్రదాన్ని ఎర్ర అనడానికి లేదు, తెల్లదాన్ని తెల్ల అనడానికి లేదు. డీజిలూ బురదా పట్టి రెండూ ఒకే రంగుకొచ్చాయి. రంగు విషయంలో పరాకు వద్దని నువ్వే రాశావు, మరి రంగేది? పైగా మూలలు చిరిగి డిస్కు బయటికి తొంగి చూస్తోంది. అంతమంది ప్రాణాల లెక్క అటువంటి పాతగుడ్డలో రావడం ఏమిటి?

కొత్తవి కుట్టాను. ఎలా కుట్టానో చెప్తే నువ్వు మీ నాన్న మామూలువాడు కాదంటావు. ఒక్కటే సంచి, రెండు వైపులా పనికొస్తుంది. బయట ఎర్ర బట్ట, లోపల తెల్ల బట్ట, మధ్యలో దెబ్బ తగలకుండా పలచటి స్పాంజి. ఎర్రవైపు పైకి ఉంటే చదవనిది. చదివేశాక గీతల సారు దాన్ని తిప్పుతారు, తెల్లసంచి అయిపోతుంది. రెండో సంచి వెతుక్కునే పనే లేదు. తేలిగ్గా తిరగాలని అడుగున మూలల్లో రెండు బట్టల్నీ కలిపి టాకా వేశాను. డిస్కు ఇటూ అటూ కదలకుండా బిగుతుగా పెట్టాను.

మీ అమ్మ పక్కన కూచుని చూస్తూ, "నా జాకెట్లకి ఏనాడైనా ఇంతసేపు కూచున్నారా?" అంది. "నీ జాకెట్లో ఊరి ప్రాణాలున్నాయా?" అన్నాను. మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు. తర్వాత తనే బొత్తాలు కుట్టిపెట్టింది.

గీతల సారుకి చూపిస్తే అటూ ఇటూ తిప్పి, "భలే ఉంది తాతా" అన్నారు. కుట్టుమిషను ముందు కూచుని ముసలివాణ్ణయ్యాను గానీ, ఒక పనికి ఇంత ఆనందపడ్డది ఎప్పుడో గుర్తులేదు.

నీ నాన్న


స్టేషన్ నుంచి
శుక్రవారం

నాన్నా,

సంచులు అందాయి. లారీ డ్రైవరు మీసాలాయన ఎప్పుడూ డిస్కుల్ని సీటు కింద పడేసి తెచ్చేవాడు. ఈసారి ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. "ఇంజనీరమ్మా, ఇందులో లెక్కలా, నగలా?" అన్నాడు. నవ్వొచ్చింది. నవ్వి చాలా కాలమైంది కాబట్టి నీకు రాస్తున్నాను.

కోళ్ళవ్వ చూసి, తన కోళ్ళబుట్టకి కూడా అలాంటిదొకటి కుట్టమని నీకు రాయమంది. "కోళ్ళబుట్టకి స్పాంజి ఎందుకవ్వా?" అంటే, "నీ పెట్టెకుంటే నా కోళ్ళకెందుకుండకూడదు?" అంది.

ఈ వారమంతా వాన. పగులు దగ్గరికి వెళ్ళి చూసి వచ్చాను. మునుపు కర్ర దూరే సందు ఉండేది, ఇప్పుడు నా పాదం దిగింది. కంటితో చూసింది రుజువు కాదంటారు ఆఫీసులో. కాబట్టి ఈ లారీలో వస్తున్న రెండు డిస్కుల్లో పై కొయ్యలది చాలా ముఖ్యం. వానలో కొండ ఎలా నడిచిందో మొత్తం అందులో ఉంది. అది చదివితే గీతల సారు ఈసారి కాగితం ఇవ్వక తప్పదు.

నువ్వు పెట్టిన పేరే నాకూ అలవాటైంది చూశావా.

నీ బుడంకాయ


కుట్టుగది నుంచి
సోమవారం

నా బంగారు బుడంకాయకి,

నవ్వొచ్చిందని రాశావు. ఆ వరుస దగ్గరే ఆగిపోయాను. మీ అమ్మ, "తర్వాతేం రాసింది, చదవండి" అంటుంటే మళ్ళీ ఆ వరుసే చదివాను. పైగా కింద నీ బుడంకాయ అని సంతకం. ఆ పేరుతో పిలిస్తే చిన్నప్పుడు తలుపు వేసుకునేదానివి.

డిస్కులు అందాయి. నేను వెనకటిలా అజాగ్రత్త మనిషిని కాదని నీకు తెలియాలి కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. డిస్కులొచ్చిన పెట్టె తెరిస్తే ఒకటి ఎర్రగా ఉంది, ఒకటి తెల్లగా ఉంది. చూడగానే తెలిసిపోయింది, పోయినసారి నేను పైకి పంపిన చదివేసిన డిస్కు మీసాలాయన దించడం మరిచిపోయి మళ్ళీ నాకే తెచ్చాడు, నువ్వు రాసిన రెండోదాన్ని ఎక్కించనే లేదు. షెడ్డులో ఆయనతో అంటే, "అయ్యుండొచ్చు పెద్దాయనా, వానలో ఏం దించానో ఏం ఎక్కించానో నాకే తెలీదు" అన్నాడు. నీకు డిస్కులు తక్కువ అని రాశావుగా, ఒక్క పూట కూడా ఆలస్యం చెయ్యకుండా ఆ తెల్లదాన్ని అదే లారీలో వెనక్కి పంపేశాను, ఈ ఉత్తరంతోపాటు. ముఖ్యమైనది ఈ ఎర్రదేనని గీతల సారుకిచ్చాను. "ఒకటేనా?" అన్నారు. సంగతి చెప్పాను. ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ "సరే తాతా" అన్నారు.

ఇక ఆ కాగితం వచ్చేస్తుంది. పేట జనం బతికిపోతారు. ఆ పుణ్యంలో ఒక కుట్టంత నాది కూడా.

నీ నాన్న


స్టేషన్ నుంచి
బుధవారం

నాన్నా,

నువ్వు వెనక్కి పంపింది చదివేసిన డిస్కు కాదు. అదే పై కొయ్యలది. ఇక్కడ నేను ఎర్రవైపు పైకి పెట్టి, బొత్తాం పెట్టి, నా చేతులతో మీసాలాయనకి ఇచ్చాను.

తెల్లగా తిరిగొచ్చింది. జనరేటరు ఆగిపోయేలోపు పని కావాలన్న తొందరలో చూడకుండా చెరిపేశాను. తర్వాత నీ ఉత్తరం విప్పాను.

ముందు నీ ఉత్తరం చదవాల్సింది, లేదా డిస్కు తెరిచి చూడాల్సింది. రెండూ చెయ్యలేదు. వానలో కొండ ఎలా నడిచిందో ఇక ఎవరికీ తెలియదు.

ఇక సంచులు కుట్టకు.


కుట్టుగది నుంచి
సోమవారం

అమ్మా,

నీ ఉత్తరం మీ అమ్మే చదివి వినిపించింది. నాకు అక్షరాలు కనిపించలేదు.

ఎలా జరిగిందో తెలుసుకున్నాను. దార్లో గేటు దగ్గర కాపలా మనిషి లారీలన్నీ చూస్తాడట. పాత సంచుల్ని ఏనాడూ ముట్టుకోలేదట. కొత్తవి చూసి, ఇంత ముచ్చటగా కుట్టారంటే లోపలేదో ఖరీదైనది ఉందనుకుని ఒకటి విప్పాడు. డిస్కు మూల పట్టుకుని లాగాడు, చూసి మళ్ళీ పెట్టేశాడు. అంతే. ఆయన ఏ తప్పూ చెయ్యలేదు.

ఇంటికొచ్చి బల్ల మీద పెట్టి నేనే లాగి చూశాను. బిగుతుగా కుట్టానుగా, డిస్కుతోపాటు లోపలి బట్ట కూడా వస్తుంది. అడుగున నేను వేసిన టాకా ఎర్ర బట్టనీ లాగేస్తుంది. తడిచేతి మీంచి చొక్కా విప్పినట్టు సంచి మొత్తం తిరగబడి తెల్లగా అయిపోయింది. మీ అమ్మ లాగినా అంతే. ఎవరు లాగినా అంతే. మా మధ్య ఆ సంచి అలా తెల్లగా పడి ఉంది.

గీతల సారు దగ్గరికి వెళ్ళాను. గీత చూపించారు. వానకి ముందు ఒక ముక్క, ఈ వారం అందిన లెక్కలతో పైన ఇంకో ముక్క, మధ్యలో ఖాళీ. "ఒక్కసారి జారి ఆగిందో, ఆగకుండా వేగం పెరుగుతోందో ఈ ఖాళీలోనే తెలియాలి తాతా. ఆగి ఉంటే అంతమందిని ఊరికే రోడ్డున పడేసినట్టవుతుంది. ఇంకొన్ని వారాల లెక్కలు చూడకుండా సంతకం పెట్టలేను" అన్నారు. తప్పంతా నా కుట్టుదండీ, కొండది కాదండీ అన్నాను. "మీరు 'ఒకటే' అన్నప్పుడు నేనూ ఫోను దించి వినలేదు" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

పాత పద్ధతిలో వేరువేరు సంచులు పంపుతున్నాను, ఎర్రవి ఎర్రవే, తెల్లవి తెల్లవే. లైనింగు లేదు, స్పాంజి లేదు. ఇక కుట్టొద్దన్నావు, ఇవి లేకపోతే పని నడవదని కుట్టాను. కోప్పడకు. కోపమొస్తే కోపమే రాయి, నాలుగు పేజీలు రాయి. రాయడం మాత్రం మానకు.

నాన్న


స్టేషన్ నుంచి
శనివారం

నాన్నా,

నాలుగు పేజీలు రాయలేను గానీ, రాయాల్సింది ఒకటుంది.

అమ్మ నా గది ఎలా ఉందని అడిగినప్పుడు స్టేషన్ రాతి మీద ఉందని రాశాను. అది నిజమే. కానీ నేను పడుకునేది స్టేషన్‌లో కాదు. పేటలో, కోళ్ళవ్వ ఇంటి పక్క గదిలో. మీ అల్లుడూ నేనూ కాపురం ఉన్న గది. ఆయన ఆస్పత్రికి వెళ్ళేముందు తలుపు వెనక తగిలించిన కోటు ఇప్పటికీ అక్కడే ఉంది. దాన్ని తీస్తే ఇంకేమీ మిగలదనిపించేది. అందుకని పగులు కిందే ఉన్నాను, ఇన్నాళ్ళూ. మీకు చెబితే కిందికి లాక్కుపోతారని చెప్పలేదు.

నిన్న మళ్ళీ ఇల్లిల్లూ తిరిగాను. కాగితం రాలేదు, అయినా కదలండి, స్టేషన్ గోడౌన్లో చోటుంది అన్నాను. ఎవరూ కాదనలేదు, ఎవరూ లేవలేదు. కోళ్ళవ్వ గుమ్మంలో కూచుని అంది: "అమ్మాయ్, చదువుకున్నదానివి, పెట్టెలున్నదానివి. అంత భయమైతే నీ మంచం ఇంకా నా పక్కగదిలోనే ఎందుకుంది?"

నేను ఆఫీసు కాగితం కోసం ఎదురుచూశాను. వాళ్ళు నా మంచం కోసం ఎదురుచూస్తున్నారు. అది ఇంతకాలం నాకు తెలియలేదు.

అప్పుడే మంచం బయటికి లాగాను. ఒక్కదాన్నే దాన్ని సందులోంచి ఈడ్చుకుంటూ పైకి వెళ్తుంటే అందరూ గుమ్మాల్లోకొచ్చి చూశారు. మలుపు దగ్గర మంచం ఇరుక్కుంది. వెనక నుంచి ఎవరో పట్టుకున్నారు. చూస్తే కోళ్ళవ్వ. "ఏం చూస్తున్నార్రా, వచ్చి పట్టండి" అని కేకేసింది. వాళ్ళు మంచం పైదాకా చేర్చారు. తర్వాత ఒకరొకరే కిందికెళ్ళి తమ మంచాలు మోసుకొచ్చారు. కొద్ది రోజులకేగా అని బట్టలూ కోళ్ళూ కిందే ఉంచేశారు. ఈ సాయంత్రానికి పేటలో ఎవరూ లేరు.

కోటు తేలేదు. రెండోసారి ఆ గదిలోకి వెళ్తే బయటికి రాలేనని తెలుసు.

కొండ ఆగిపోయి ఉంటే వీళ్ళందరికీ నేనేం చెప్పుకోవాలో తెలియదు. గోడౌన్ కురుస్తోంది, పిల్లలు దగ్గుతున్నారు. తప్పు చేశానేమో.

నీ మీద కోపం లేదు. ఆ రోజు రాసిన చివరి వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను.

నీ బుడంకాయ


స్టేషన్ గోడౌన్ నుంచి
మంగళవారం

నాన్నా,

ఇవాళ పొద్దున వాలు దిగిపోయింది. మేమంతా రాతి మీద నిలబడి చూశాం. చప్పుడు ముందు రాలేదు, ముందు కోళ్ళవ్వ ఇంటి పైకప్పు నడిచింది. పేట లేదు, కొయ్యలు లేవు, నా గది లేదు.

మనుషులంతా ఉన్నారు. ఇంటింటి పేరూ పిలిచి చూసుకున్నాను. కోళ్ళవ్వ తన కోళ్ళ కోసం ఏడ్చింది. నేను కూడా ఆవిడ పక్కన కూచుని ఏడ్చాను, కోళ్ళ కోసం కాదు.

రోడ్డు తెగింది. మీసాలాయన లారీ అవతల వదిలేసి, మట్టి మీద నడిచి వచ్చి ఈ ఉత్తరం పట్టుకెళ్తున్నాడు. అమ్మకి నువ్వే చదివి వినిపించు. చివరిదాకా చదువు, మధ్యలో ఆగకు.


కుట్టుగది నుంచి
గురువారం

నా తల్లికి,

చివరిదాకా చదివాను, ఆగలేదు. మనుషులంతా ఉన్నారన్న దగ్గర మీ అమ్మ నా భుజం పట్టుకుంది, వదల్లేదు. ఉన్నావు. నువ్వున్నావు. ఈ ముక్క ఎన్నిసార్లు రాసినా నాకు తనివి తీరదు గానీ కాగితం అయిపోతుంది.

నీ ఉత్తరం గీతల సారుకి చూపించాను. చదివి, మడిచి నా చేతికిచ్చారు. "నేను ఇంకా ఆగమన్నాను తాతా" అన్నారు. ఆయన చేతిలో పెన్సిలు ఉంది, కాగితం మీద పెట్టలేదు. కాసేపు ఆయన పక్కనే కూచుని వచ్చాను.

కోటు పోయిందని రాయలేదు నువ్వు, గది పోయిందని మాత్రం రాశావు. అల్లుడు నాకు గుర్తున్నాడమ్మా. మాటల మనిషి కాదు, నవ్వితే భుజాలు కదిలేవి. నువ్విక్కడికొచ్చిన రోజు ఆయన గురించి ఎంతసేపైనా మాట్లాడుకుందాం. రాకపోయినా మాట్లాడుకుందాం, ఉత్తరాల్లో.

నా సంతోషం ఇంట్లో పట్టడం లేదు. ఆ సంతోషానికి సిగ్గు కూడా వేస్తోంది, అక్కడ అంతమంది కట్టుబట్టలతో నిలబడి ఉన్నారు. వానలో తడిసినవే ఒంటి మీద ఆరబెట్టుకుంటున్నారని మీసాలాయన చెప్పాడు. మాటలు చెప్పి ఊరుకునేవాణ్ణి కాను. మన బజార్లో బట్టల కొట్టాయన గుడ్డ తాను మీద తాను ఇస్తానన్నాడు. పక్కవీధి కుట్టుపనివాళ్ళు ఇద్దరు తమ మిషన్లు మన వరండాలో వేశారు. మీ అమ్మ బొత్తాల డబ్బాలన్నీ దింపింది, "ఈసారి నా జాకెట్ల సంగతి ఎత్తను లెండి" అంటోంది.

కాబట్టి నువ్వు చెయ్యాల్సిన పని ఒకటుంది. అందరి కొలతలూ కావాలి. పిల్లలవి, ముసలాళ్ళవి, ఎవర్నీ వదలకు. టేపు లేకపోతే తాడుతో తీసి, తాడు మీద ముడులు వేసి, ఏ ముడి ఎవరిదో చీటీ కట్టు. కోళ్ళవ్వ వద్దంటుంది, విడిచిపెట్టకు. మీసాలాయన రేపు మళ్ళీ నడిచొస్తానన్నాడు, ఆయన చేతికియ్యి. షెడ్డులో నేనే నిలబడి ఉంటాను.

నీది కూడా పంపమ్మా. నీ కొలత నాకు కంఠతా వచ్చనుకుని నిన్న బట్ట కత్తిరించబోయాను. మీ అమ్మ నా చేతిలోంచి కత్తెర తీసుకుంది. "అది పెళ్ళినాటిది. ఇప్పుడెంత ఉందో మనకేం తెలుసు, అడగండి" అంది.

అడుగుతున్నాను.

నాన్న